ప్రార్థన జరుగుతుండగా ఫొటో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

క్రిస్మస్ దాటిన తరువాత, విభూతి బుధవారం వచ్చేలోగా మన ఊళ్ళలో చర్చి పెళ్ళిళ్ళు వరుసగా జరుగుతాయి. ఆ రోజుతో మొదలయ్యే తపస్సుకాలంలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలలో, చాలా సంఘాలవారు పెళ్ళిళ్ళు పెట్టుకోరు. అందుకే కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం చర్చిలో జరిగే వేడుకలను ఫొటో తీయడం గురించే ఉన్నాయి. శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: పదేళ్ళుగా కల్యాణమండపాలలో పెళ్ళి ఫొటోలు తీస్తున్నాను. మొదటిసారిగా ఒక కతోలిక దేవాలయంలో పెళ్ళి ఒప్పుకున్నాను. ఫ్లాష్ వాడవద్దనీ, పీఠం (ఆల్టరు) మెట్లు ఎక్కవద్దనీ, పూజ మధ్యలో అటూ ఇటూ తిరగవద్దనీ ఫాదర్‌గారు ముందే చెప్పారు. ఇన్ని ఆంక్షల మధ్య ఆల్బమ్‌కు సరిపడే ఫొటోలు ఎలా వస్తాయి?
— ఒక ఫొటోగ్రాఫర్, ఏలూరు

జవాబు: మండపంలో మీకు అలవాటైన సౌకర్యం ఒకటి చర్చిలో ఉండదు. మండపంలో మీరు ‘అయ్యగారూ, ఒక్క క్షణం’ అంటే పురోహితులు ఆగుతారు, వధూవరులు మీ వైపు తిరుగుతారు, అవసరమైతే మూడో ముడి దగ్గర పెళ్ళికొడుకు చేతులను అలాగే ఉంచుతాడు. చర్చిలో ఎవరూ ఆగరు. అక్కడ కూర్చున్నవారు పెళ్ళి చూడడానికే కాక కలిసి ప్రార్థించడానికి కూడా వచ్చినవారు; అందరి ముఖాలూ ఒకే వైపు ఉంటాయి కనుక నడిమి దారిలో ఒక మనిషి నిలబడితే వెనుక ఉన్న రెండు వందల మందికీ అతని వీపే కనిపిస్తుంది. ఫాదర్‌గారు పెట్టిన మూడు నియమాలకూ కారణం ఇదే తప్ప ఫొటోల మీద కోపం కాదు.

అయితే మండపంలో దొరకనిది ఒకటి మీకు చర్చిలో దొరుకుతుంది. పూజాక్రమం ముందే నిర్ణయమై, పుస్తకంలో అచ్చయి ఉంటుంది. ఏలూరులోనైనా సికింద్రాబాదులోనైనా దాదాపు అదే వరుసలో నడుస్తుంది. ఏ మాట తరువాత ఏమి జరుగుతుందో తెలిసినవాడికి పరుగెత్తవలసిన అవసరమే రాదు. కాబట్టి పెళ్ళికి ముందు ఒక ఆదివారం కెమెరా లేకుండా ఆ దేవాలయానికి వెళ్ళి, చివరి బెంచీలో కూర్చొని పూజ మొత్తం చూడండి. పెళ్ళివారి దగ్గర వివాహ పూజాక్రమం ఒక ప్రతి తీసుకొని, మీరు కదలవలసిన చోట్ల పెన్సిలుతో గీత పెట్టుకోండి.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది, దివ్యబలిపూజతో (మాస్‌తో) కూడిన పెళ్ళిలో ప్రమాణాలు చివర కాక మధ్యలో వస్తాయి. ప్రవేశ గీతం, పఠనాలు, సువిశేషం (సువార్త), ప్రసంగం అయిపోగానే ఫాదర్‌గారు వధూవరులను లేచి నిలబడమని, కుడిచేతులు కలిపించి, సమ్మతి వాక్యాలు చెప్పిస్తారు; ఆ వెంటనే ఉంగరాల ఆశీర్వాదం, తాళి ఉన్న పెళ్ళయితే తాళి ఆశీర్వాదం జరుగుతాయి. ప్రసంగం ఎలాగూ పావుగంట సాగుతుందని టీ తాగడానికి బయటికి వెళ్ళి, తిరిగి వచ్చేసరికి ఉంగరాలు వేళ్ళకు చేరిపోయి ఉండగా తెల్లమొహం వేసినవారిని నేను చూశాను. ఆ తరువాత అర్పణ, స్తుతియాగ ప్రార్థన వస్తాయి. ఫాదర్‌గారు అప్పద్రాక్షారసాలను పైకెత్తే సమయంలో కెమెరాను దించి నిశ్చలంగా ఉండండి. ఆ ఫొటో పెళ్ళి ఆల్బమ్‌కు అవసరం లేదు, ఆ నిశ్శబ్దంలో షట్టరు చప్పుడు గుడి అంతటికీ వినిపిస్తుంది. పరలోక జపం (యేసు నేర్పిన ప్రార్థన) ముగిశాక మాత్రం మళ్ళీ సిద్ధంగా ఉండండి. వధూవరులు మోకరించగా ఫాదర్‌గారు వారి మీదికి చేతులు చాచి వివాహ ఆశీర్వాదం చెప్పేది అప్పుడే. ఉంగరాలతో పని అయిపోయిందనుకొని చాలామంది ఈ ఘట్టాన్ని వదిలేస్తారు కానీ, నా లెక్కలో మొత్తం పూజలో అన్నిటికంటే మంచి ఫొటో అదే.

ఇక నిలబడే చోటు. పీఠానికి ఎదురుగా చూసినప్పుడు వధువు సాధారణంగా వరుడికి ఎడమ పక్కన ఉంటుంది. కాబట్టి వరుడి వైపు పక్క వసారాలో, ముందు నుండి మొదటి లేదా రెండవ స్తంభం దగ్గర మీరు నిలబడితే, ఆమె అతని వైపు తిరిగి మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం మీకు పూర్తిగా దొరుకుతుంది. వరుడి ముఖం కోసం మీ సహాయకుణ్ణి రెండో వైపు అదే వరుసలో ఉన్న స్తంభం దగ్గర ఉంచండి. గాయక బృందం కూర్చునే మేడ ఉంటే, ప్రవేశానికి ముందు అక్కడి నుండి మొత్తం దేవాలయాన్ని ఒక్కసారి తీసి దిగిపోవచ్చు. దూరం నుండే దగ్గరగా చూపే 70–200 లెన్సు ఉన్నవారు మెట్లు ఎక్కవలసిన పని లేదు.

తాళి దగ్గర ఒక చిన్న చిక్కు ఉంది. వధువు తలపై నుండి వీపు మీదికి జారే వలముసుగు సరిగ్గా మెడ వెనుక, ముడి పడే చోటును కప్పుతుంది. వెనుక నిలబడిన పెద్దావిడ ఎవరో దానిని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుంటారు, వరుడు తలవంచి ముడి వేస్తాడు, అంతా పది సెకన్లలో ముగుస్తుంది. ముసుగు ఎత్తే ఆవిడ ఎవరో పూజకు ముందే అడిగి తెలుసుకొని, ‘అమ్మా, ముసుగు మీ వైపుకు ఎత్తండి, నా వైపుకు వద్దు’ అని మెల్లగా చెప్పి ఉంచండి. ఆ ఒక్క మాటతో ఫొటో దక్కుతుంది.

ఫ్లాష్ లేదని దిగులు పడకండి. ఎత్తైన పైకప్పు ఉన్న దేవాలయంలో ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టినా ఆ వెలుగు తిరిగి కిందికి వచ్చేసరికి మిగిలేది చాలా తక్కువ. లెన్సు అపర్చరును ఎఫ్ 2.8 వద్ద ఉంచి, ఐఎస్‌ఓను 3200 నుండి 6400 వరకు పెంచండి. నిలబడినవారికి సెకనులో 125వ వంతు, నడిచి వచ్చేవారికి 250వ వంతు షట్టరు సరిపోతుంది. ఫొటోలో కొంచెం గరుకు (గ్రెయిన్) కనిపించినా పరవాలేదు, కదిలిన ఫొటో మాత్రం ఎందుకూ పనికిరాదు. వధువు తెల్లచీర, వరుడి నల్లకోటు కెమెరాను రెండు వైపులకూ లాగుతాయి: చీర ఫ్రేమును నింపితే కెమెరా ఫొటోను చీకటి చేస్తుంది, కోటు నింపితే చీరను సున్నపు గోడలా మారుస్తుంది. అందువల్ల పూజకు ముందే పీఠం దగ్గర వెలుగును కొలిచి, మాన్యువల్‌లో స్థిరపరచి, ఇక ముట్టుకోకండి.

కెమెరా బీప్ చప్పుడునూ, వెనుక తెర వెలుగునూ తగ్గించాలని అందరికీ తెలుసు. ఫోకస్‌కు సాయపడే చిన్న దీపాన్ని ఆపాలని మాత్రం చాలామందికి గుర్తుండదు. చాలా ఏళ్ళ క్రితం కొత్త ఫాదర్లను అభిషేకించే ఒక గురుపట్టాభిషేకంలో, అభిషేకం పొందే యువకులు నేల మీద బోర్లా పడుకొని ఉండగా, సంఘమంతా పునీతుల ప్రార్థన పాడుతుండగా, నేను షట్టరు మీద వేలు ఆనించినప్పుడల్లా ఒక నారింజరంగు చుక్క వారి తెల్లని వస్త్రాల మీద వెలిగి ఆరింది. పక్కన ఉన్న సిస్టరుగారు నా చెయ్యి పట్టుకొని కిందికి దించే వరకూ నేను దానిని గమనించనే లేదు.

చివరిగా సంతకాలు. భారత క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది. వధూవరులతో పాటు సాక్షులు, వివాహం జరిపినవారు రిజిస్టరులో సంతకాలు చేస్తారు. కుటుంబాలవారంతా ఒక బల్ల చుట్టూ సహజంగా గుమిగూడేది అప్పుడే కాబట్టి, 35 ఎమ్ఎమ్ లెన్సుతో దగ్గరికి వెళ్ళడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. అయితే ఇతరుల వివరాలు ఉన్న పై పేజీలు చదవగలిగేలా తీయకండి. ఆ చట్టం, కొన్ని మినహాయింపులతో, వివాహం ఉదయం 6 గంటల నుండి సాయంత్రం 7 గంటల లోపు జరగాలని కూడా చెబుతుంది. శీతకాలంలో సాయంత్రం 5 గంటల పెళ్ళికి ఒప్పుకుంటే ప్రవేశానికి పగటి వెలుగు ఉంటుంది, సంతకాల నాటికి ఉండదు. సమయం ఖాయం చేసే ముందే పెళ్ళివారికి ఈ మాట చెప్పండి.

ప్రశ్న: మా బంధువుల పెళ్ళిలో వధూవరుల వెనుక రంగుటద్దాల కిటికీ వచ్చేలా తీస్తే, కిటికీ బాగుంటే ముఖాలు నల్లబడుతున్నాయి, ముఖాలు బాగుంటే కిటికీ తెల్లకాగితంలా అవుతోంది. రెండూ ఒకే ఫొటోలో రావాలంటే ఏమి చెయ్యాలి?
— ఒక పాఠకురాలు, మెదక్

జవాబు: మీ ఊరి నుండి ఈ ప్రశ్న రావడం సహజమే. చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజులలో జనానికి పని, తిండి దొరకాలని కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. యేసు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన అక్కడి మూడు రంగుటద్దాల కిటికీలను చూడడానికే దూర ప్రాంతాలవారు వస్తారు. ఆ కిటికీలకు వెలుగు బయటి నుండి పగలు మాత్రమే వస్తుంది, లోపలివారికి అవి అందంగా కనిపించడానికి కారణమూ, మీ ఫొటో చెడడానికి కారణమూ ఒక్కటే. ఎండ పడుతున్న అద్దానికీ, లోపల నీడలో ఉన్న ముఖానికీ మధ్య వెలుగు తేడా ముప్ఫై రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉంటుంది. మన కన్ను ఆ రెంటినీ సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోలేదు.

వేడుక జరుగుతుండగా రెండింటినీ ఒకే ఫొటోలో పట్టే ప్రయత్నం మానుకోవడమే నా సలహా. ఒక చిన్న చోటు వెలుగునే కొలిచే స్పాట్ మీటరుతో అద్దం మీద కొలిచి తీస్తే రంగులు నిండుగా వచ్చి, వధూవరులు నల్లని ఆకారాలుగా మిగులుతారు. వారు పక్కకు తిరిగి ఒకరినొకరు చూసుకుంటున్న క్షణంలో అటువంటి ఫొటో చాలా బాగుంటుంది. ముఖాలు కావాలనుకుంటే మీరే చోటు మారి, కిటికీ వారి వెనుక కాక పక్కన ఉండేలా చూసుకోండి. అప్పుడు అదే కిటికీ వారికి దీపం అవుతుంది. రా (RAW) ఫైలులో తీసేవారు ముఖాలను కొంచెం చీకటిగా తీసి తరువాత నాలుగు రెట్ల దాకా వెలుగు పెంచుకోవచ్చు, అంతకు మించితే చర్మం మచ్చలుపడుతుంది. తప్పనిసరిగా రెండూ కావాలంటే, ఆరాధన అంతా ముగిశాక చర్చి కార్యాలయం అనుమతితో చిన్న ఫ్లాష్‌ను పక్క నుండి వాడి ఒక్క ఫొటో తీసుకోండి. ఖాళీ చర్చిని కిటికీతో సహా తీయాలంటే స్టాండు మీద కెమెరా పెట్టి మూడు వేర్వేరు వెలుగులలో తీసి కలపవచ్చు, మనుషులు కదులుతారు కనుక పెళ్ళికి ఆ పద్ధతి పనికిరాదు.

ఒక్కోసారి అద్దం లోంచి ఎర్రని, నీలిరంగు మరకలు వధువు చెంప మీద, చీర మీద పడతాయి. వాటిని కంప్యూటరులో సరిచేసి తెల్లబరచకండి. ఆ మరకలు ఆ చర్చివి, ఆ ఘడియవి.

ప్రశ్న: కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలో చప్పుడు లేని షట్టరు ఉందని ఆరాధనలో వాడాను. ప్రతి ఫొటోలోనూ అడ్డంగా నల్లని చారలు వచ్చాయి. కెమెరా చెడిపోయిందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కెమెరా బాగానే ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు మారుతుంది, దానితో చాలా ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతాయి. చప్పుడు లేని షట్టరు ఫొటోను పైనుండి కిందికి వరుస వరుసగా చదువుతుంది కాబట్టి, దీపం తగ్గినప్పుడు చదివిన వరుసలు నల్లచారలవుతాయి. షట్టరును సెకనులో 100వ వంతు లేదా 50వ వంతు దగ్గర ఉంచితే చారలు చాలావరకు పోతాయి. పీఠం వెనుక పెద్ద ఎల్ఈడీ తెర ఉన్న చర్చిలో ఇది కూడా చాలకపోవచ్చు. అక్కడ పాటలు పాడే సమయంలో మామూలు షట్టరు వాడి, ప్రార్థన సమయంలో ఆగండి. ఆ తెరను నడిపే కుర్రవాణ్ణి ముందే కలిసి, ప్రమాణాల సమయంలో పూలు, సీతాకోకచిలుకలు ఎగిరే బొమ్మలను తీసి నిండు రంగు ఒకటి పెట్టమని అడిగితే మీకూ, పెళ్ళివారికీ మేలు.

ప్రశ్న: మా అబ్బాయి వచ్చే నెల బాప్తిస్మం తీసుకుంటున్నాడు. మాది బాప్తిస్టు సంఘం, తొట్టిలో ముంచి ఇస్తారు. సెల్‌ఫోనుతోనే తీయాలనుకుంటున్నాను. ఏమైనా మెలకువలు చెప్పండి.
— ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, 1878 జూలై 3న మీ ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతమందికి ఒక్క పగలు చాలిందంటే, ఒక్కొక్కరికి పట్టే సమయం ఎంత తక్కువో మీరే ఊహించవచ్చు. పాస్టరుగారు ఒక చెయ్యి వీపు వెనుక, ఒక చెయ్యి రొమ్ము మీద ఉంచి, వాక్యం పలికి, వెనక్కి వాల్చి లేపేసరికి మూడు సెకన్లు కూడా కావు. కాబట్టి వాక్యం మొదలైనప్పుడే అబ్బాయి ముఖం మీద తెరను వేలితో నొక్కి పట్టి ఫోకస్‌ను బంధించండి, వాల్చగానే వరుస ఫొటోల బొత్తాన్ని వదలకుండా పట్టుకోండి. నీటిలో మునిగిన ఫొటోలో ముఖం కనిపించదు. పైకి లేస్తూ, జుట్టు నుండి నీళ్ళు కారుతూ, కళ్ళు ఇంకా మూసుకొని ఉన్నదే మీరు దాచుకునే ఫొటో అవుతుంది. తొట్టి అంచుకు ఎదురుగా కాక పక్కగా నిలబడండి. ఎదురుగా ఉంటే నీటి మీద దీపాల మెరుపు తప్ప మరేమీ రాదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. అదే రోజు మీ అబ్బాయితో పాటు మరికొందరు, వారిలో ఆడపిల్లలు కూడా, తొట్టి దిగుతారు. తడిబట్టలతో మెట్లు ఎక్కి, ఎవరో అందించిన తువ్వాలు కప్పుకొనే దాకా వారి వైపు ఫోను తిప్పకండి, పొరపాటున పడినవాటిని వాట్సాప్‌లో పంపకండి. ఆ తువ్వాలు పట్టుకొని మెట్ల దగ్గర నిలబడే అక్కయ్యలు మీకంటే ముందే అక్కడ ఉంటారు, వారిని దాటి ముందుకు వెళ్ళకపోతే చాలు.

ప్రశ్న: నేను సంఘ పెద్దను. పెళ్ళి జరుగుతుంటే ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఇద్దరు వీడియోవారు, వారి వెనుక పాతిక సెల్‌ఫోన్లు లేస్తున్నాయి. పూర్తిగా నిషేధించాలని కొందరు, అలా చేస్తే పెళ్ళివారు నొచ్చుకుంటారని కొందరు అంటున్నారు. మీ అభిప్రాయం?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ బాధ కొత్తది కాదు. 1967 మేలో వాటికన్ వెలువరించిన ఒక ఉపదేశ పత్రం, ఫొటోలు తీసే అలవాటు వల్ల ఆరాధనకు భంగం కలగకుండా చాలా జాగ్రత్త పడాలనీ, తగిన కారణం ఉన్నచోట అతి మితంగా, స్థానిక మేత్రాణుల (బిషప్పుల) నియమాల ప్రకారం తీయాలనీ చెప్పింది. యాభై ఏళ్ళ తరువాత, 2017 నవంబరులో, పోపు ఫ్రాన్సిస్ ఒక బహిరంగ ప్రసంగంలో, పూజలో గురువు హృదయాలను పైకెత్తమంటాడు కానీ సెల్‌ఫోన్లను పైకెత్తమనడు అని విచారపడ్డారు. విశ్వాసులే కాదు, గురువులు, బిషప్పులు కూడా ఆ పని చేస్తున్నారని అన్నారు. మీది వేరే సంఘమైనా మీ సమస్య అదే.

నేను ఫొటోగ్రాఫర్ని కనుక నిషేధం కోరలేను, అయినా నిషేధం పనిచెయ్యదని నా అనుభవం. వద్దన్నచోట జనం బెంచీ కింద నుండి తీస్తారు, మరింత చెడ్డగా తీస్తారు. పెళ్ళికి ముందు చర్చిలో పెళ్ళి చీటీలు (వివాహ ప్రకటనలు) చదివే వారాలలోనే, ఆ కుటుంబంతో కూర్చున్నప్పుడే, ఒక పేజీ నియమాలు వారి చేతికివ్వండి: ఎంతమంది తీయవచ్చు, ఎక్కడ నిలబడాలి, ఏ సమయంలో ఆగాలి, ఫ్లాష్ ఎప్పుడు వాడవచ్చు. ఫొటోగ్రాఫరుకు నియమం పెళ్ళిరోజు పీఠం దగ్గర మైకులో వినపడితే అతను అవమానపడతాడు, పెళ్ళివారూ అవమానపడతారు. మూడు వారాల ముందు చెబితే దానిని తన పనిలో భాగంగా తీసుకుంటాడు. కూర్చున్నవారి సెల్‌ఫోన్లకు వేరే ఉపాయం ఉంది. ప్రవేశం ముగిశాక పాస్టరుగారే, ‘ఇప్పుడు అందరూ ఒక్క నిమిషం ఫొటోలు తీసుకోండి’ అని చెప్పి, ఆ నిమిషం నిజంగా ఆగి, తరువాత ఫోన్లు సంచులలో పెట్టమంటే, చాలామంది పెడతారు. కోస్తాలో ఒక సంఘంలో దీనిని రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఫలించింది. వేదిక మీదికి ఎక్కి ఫాదర్ల, పాస్టర్ల భుజాల మీదుగా లెన్సు చాపే వీడియోవారిని మాత్రం మీరు ఉపేక్షించవద్దు. వారిని ఆపవలసిన బాధ్యత పెళ్ళివారిది కాదు, మీదే.

ప్రశ్న: మా నాన్నగారి భూస్థాపన ఆరాధన చర్చిలో జరుగుతుంది. అన్నయ్య అమెరికా నుండి రాలేకపోతున్నాడు, ఫొటోలు కావాలంటున్నాడు. తీయడం తప్పా?
— ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: తప్పు కాదు. మీరు తీయకండి, మీరు అమ్మగారి పక్కన ఉండాలి. కుటుంబానికి దగ్గరైనా కన్నీళ్ళు ఆపుకోగలిగిన ఒకరికి ఆ పని అప్పగించండి. ఆయన చివరి బెంచీల వెనుక నుండి కదలకుండా పది, పన్నెండు ఫొటోలు తీస్తే చాలు: చర్చి గుమ్మం దగ్గర పెట్టెను మోసుకువచ్చినవారు, వాక్యం చదివినవారు, పాట పాడుతూ లేచి నిలబడిన సంఘం, పూలు ఉంచుతున్న చేతులు. దూరంగా ఉన్నవారు నాన్నగారి ముఖం కంటే ముందుగా వెదికేది ఎవరెవరు వచ్చారో అన్నదే. పెట్టె మూసే ముందు ముఖం ఫొటో కావాలని అన్నయ్య కోరితే, అమ్మగారిని అడిగి, ఆమె సరేనంటే ఒక్కటి తీసి అతనికి ఒక్కడికే పంపండి.